కిలికి, మాహిష్మతి తెలుగు, గోండి: తెలుగు తెరపై కల్పిత ప్రాచీన భాష - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

2015లో విడుదలైన ‘బాహుబలి: ది బిగినింగ్’ చిత్రంలో కాలకేయులనే కల్పిత జాతి కోసం ‘కిలికి’ అనే భాషను ప్రత్యేకంగా నిర్మించారు. దీనిపై వచ్చిన రచనలలో అధికభాగం పదాల సంఖ్యను, నిర్మాణంలోని నూతనత్వాన్ని ప్రశంసించడానికే పరిమితమయ్యాయి. కిలికిని ఆ చిత్రంలోని ఇతర భాషాభేదాల పక్కన నిలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చిత్రంలో రాజప్రాసాదానికి సంస్కృత సమాసభూయిష్ఠమైన తెలుగు, కథానాయకుడిని పెంచిన గిరిజనులకు వాడుక తెలుగు, శత్రువుకు కిలికి లభించాయి. ఈ పంపకం ప్రాచీన నాట్యసంప్రదాయంలోని భాషావిధానానికి కొనసాగింపు అని, అదే దర్శకుని 2022 నాటి చిత్రంలో సజీవభాష గల గోండులకు ఆ భాష దక్కకపోవడం ఈ పంపకానికి రెండవ ముఖమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కిలికి, కల్పిత భాష, బాహుబలి, మాయాబజార్, బహుళం, పైశాచి, నాట్యశాస్త్రం, గోండి, గిడుగు రామమూర్తి, భద్రిరాజు కృష్ణమూర్తి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో హబ్సిగూడ నుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వరకు ఉన్న ప్రాంతానికి భాషాధ్యయన చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1918లో ఉర్దూ బోధనభాషగా ప్రారంభమైన ఉస్మానియా, ఆధునిక శాస్త్రాలను బోధించడానికి అనువాద విభాగాన్ని నెలకొల్పుకొని పారిభాషిక పదాలను పెద్దఎత్తున నిర్మించుకొన్నది. 1962 నుండి 1986 వరకు ఇక్కడ భాషాశాస్త్ర ఆచార్యులుగా ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి, లిపి లేని భాషలను క్షేత్రపర్యటనల ద్వారా సేకరించి వర్ణించే పద్ధతికి, మూలద్రావిడ రూపాల పునర్నిర్మాణానికి మార్గదర్శకులయ్యారు. అవసరం కోసం మాటలను పుట్టించడం, ఉన్న మాటలను నమోదు చేయడం అనే రెండు పనులూ ఈ ప్రాంగణం ఎరిగినవే. కల్పిత భాషను విమర్శించడానికి ఈ రెండు అనుభవాలూ అవసరం.

కల్పిత భాష అనగానే ప్రపంచ సాహిత్యంలో మొదట స్ఫురించే పేరు జె. ఆర్. ఆర్. టోల్కీన్. వృత్తిరీత్యా ప్రాచీన భాషల ఆచార్యుడైన ఆయన ముందు భాషలను నిర్మించి, ఆ భాషలు జీవించడానికి తగిన లోకాన్ని తరువాత కల్పించాడు. తెరపై మార్క్ ఓక్రాండ్ నిర్మించిన క్లింగన్, 2009 నాటి ‘అవతార్’ కోసం పాల్ ఫ్రోమర్ రూపొందించిన నావి, 2011లో మొదలైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ కోసం డేవిడ్ పీటర్సన్ రూపొందించిన డోత్రాకీ ప్రసిద్ధమైనవి. తెలుగు చిత్రానికి సంబంధించి ఈ కోవలో చేర్చదగినది కిలికి. దీని గుణదోషాలను పాశ్చాత్య ప్రమాణాలతో మాత్రమే కాక తెలుగు వ్యాకరణ, కావ్య, నాట్య సంప్రదాయాల వెలుగులో కూడా పరిశీలించవలసి ఉంది.

2. కిలికి: నిర్మాణ నేపథ్యం

ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి: ది బిగినింగ్’లో మాహిష్మతీ రాజ్యంపై కాలకేయులు దండెత్తుతారు. వారి భాషను నిర్మించినవారు తమిళ గీతరచయిత మదన్ కార్కి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధన చేసిన కాలంలో పిల్లలతో ఆటగా అల్లిన చిన్న భాష కిలికికి బీజమని ఆయన పేర్కొన్నారు. చిత్రం నాటికి ఈ భాషకు సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నట్లు ప్రకటించారు. తరువాత దీనికి ప్రత్యేక లిపిని కూడా సమకూర్చి, 2020 ఫిబ్రవరి 21న, అంటే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, నేర్చుకోగోరేవారి కోసం అంతర్జాలంలో ఉంచారు.

ఈ కృషిలోని విలువను ముందుగా గుర్తించాలి. అంతకుముందు మన చిత్రాలలో కోయదొర, అడవిమనిషి, దీవివాసి వంటి పాత్రలకు అర్థం లేని అక్షరాల కలయికలే ‘భాష’గా చలామణి అయ్యేవి. ఆ పాత్ర ఒక దృశ్యంలో పలికిన ధ్వనికి, మరొక దృశ్యంలో పలికిన ధ్వనికి సంబంధం ఉండనవసరం లేదు. కిలికిలో ఒక మాటకు ఒక అర్థం ఉంది; వాక్యానికి ఒక క్రమం ఉంది. శత్రువు మాటకు కూడా వ్యాకరణం ఉంటుందని అంగీకరించడం తెలుగు తెరపై చిన్న విషయం కాదు. పైగా చిత్రం ఏ భాషలో ప్రదర్శితమైనా కాలకేయుల మాట కిలికియే. తక్కిన పాత్రల భాష మారుతుంది, కాలకేయులది మారదు.

అయితే ఈ భాషకు కేటాయించిన ప్రయోజనక్షేత్రం చాలా ఇరుకైనది. కాలకేయులు ప్రధానంగా యుద్ధఘట్టంలోనే కనిపిస్తారు. అందువల్ల ప్రేక్షకుడు వినే కిలికి బెదిరింపు, దూషణ, ఆజ్ఞ, రణఘోష అనే నాలుగింటికే పరిమితం. ఈ భాషలో తల్లి బిడ్డను జోకొట్టడం, ముసలివాడు కథ చెప్పడం, ఇరుగుపొరుగు ధాన్యం కొలుచుకోవడం తెరపై వినబడవు. పదకోశంలో ఆ మాటలు ఉండవచ్చు. తెరపై లేని మాట ప్రేక్షకుని దృష్టిలో లేనట్లే.

ధ్వనుల ఎంపికను కూడా ఇక్కడే గమనించాలి. కిలికిలో నాలుకను అంగిలికి తాకించి చప్పరించే ధ్వనులు ప్రస్ఫుటంగా వినిపిస్తాయి. ఇటువంటి ధ్వనులు తెలుగువారికి అపరిచితం కావు. జాలిపడినప్పుడు, ఎద్దులను అదిలించేటప్పుడు మనమూ చప్పరిస్తాం. కాని తెలుగులో అవి వర్ణాలు కావు. వాటితో పదాలు ఏర్పడవు. ఖోసా, జులు మొదలైన దక్షిణాఫ్రికా భాషలలో మాత్రం అవి క, త, పల వలె పదనిర్మాణంలో పాల్గొనే వర్ణాలు. కాలకేయ నాయకుని పేరు ‘ఇంకోషి’. జులు, ఖోసా భాషలలో ‘ఇంకోసి’ అంటే రాజు, దొర. ఈ పోలిక ఉద్దేశపూర్వకమా, యాదృచ్ఛికమా అన్నది కృతి ఆధారంగా తేల్చదగినది కాదు. కాని నల్లని మేనిరంగు, చప్పరింపు ధ్వనులు, ఈ నామసామ్యం మూడూ ఒకే పాత్రలో కలిసినప్పుడు ఆ కల్పన ఏ దిక్కుకు చూస్తున్నదో స్పష్టమవుతుంది. హబ్సిగూడ పేరులోని ‘హబ్సి’ అబిసీనియా వాసులను తెలిపే ‘హబ్షీ’ శబ్దం నుండి వచ్చిందని ప్రసిద్ధి. ఆఫ్రికా మూలాలు గల ప్రజలు శతాబ్దాలుగా దక్కనులో సైనికులుగా, ఇరుగుపొరుగుగా జీవించారు. ఊరి పేరుగా నిలిచిన మనుషులకు చెందిన ధ్వనిని తెరపై రాక్షసధ్వనిగా వినడం ఆలోచించవలసిన విషయం.

3. బహుళం లేని వ్యాకరణం

కిలికిలో ‘మిన్’ అంటే నేను, ‘నిమ్’ అంటే నీవు అని నిర్మాత వివరించారు. ఒక మాటను తిప్పి రాస్తే రెండవది వస్తుంది. పరస్పరం ఎదురుగా నిలిచే అర్థాలకు పరస్పరం ఎదురుగా నిలిచే రూపాలు ఇవ్వడం ఇందులోని ఊహ. ఇది చమత్కారమైన ఊహ. నేర్చుకొనేవారికి సులభం కూడా. కాని ప్రాచీన జాతి భాషగా దీనిని నిలిపినప్పుడు ఈ సౌష్ఠవమే లోపమవుతుంది.

సహజభాష ప్రాచీనమైనకొద్దీ దానిలో అపవాదాలు పెరుగుతాయి. తెలుగు వ్యాకరణ సంప్రదాయం ఈ సత్యాన్ని ‘బహుళం’ అనే ఒక్క మాటలో చెప్పింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) ఈ మాట అడుగడుగునా కనిపిస్తుంది. విధించిన కార్యం కొన్నిచోట్ల ప్రవర్తిస్తుంది, కొన్నిచోట్ల ప్రవర్తించదు, కొన్నిచోట్ల వికల్పంగా ఉంటుంది, మరికొన్నిచోట్ల ఇంకొక కార్యమే జరుగుతుంది. ప్రవృత్తి, అప్రవృత్తి, విభాష, అన్యకార్యం అనే ఈ నాలుగు తీరులను సూత్రకారుని అశక్తతగా భావించడం పొరపాటు. ఎందరో మనుషులు ఎన్నో కాలాలలో వాడిన మాటపై పడిన ముద్రలే అవి.

ఒక ఉదాహరణ చూడవచ్చు. తమిళంలో ‘ఉరల్’, ‘ఇరండు’, ‘ఇళ’ అని అచ్చుతో మొదలయ్యే మాటలకు తెలుగులో ‘రోలు’, ‘రెండు’, ‘లేత’ అని హల్లుతో మొదలయ్యే రూపాలు ఉన్నాయి. పదాది అచ్చు, దాని తరువాతి హల్లు స్థానాలు మార్చుకొన్న ఈ వర్ణవ్యత్యయం తెలుగుతో పాటు గోండి, కొండ, కుయి, కువి తదితర భాషలలో వేర్వేరు పరిమాణాలలో కనిపిస్తుంది. తెలుగును తమిళ కన్నడాల నుండి వేరుచేసి గోండి, కొండ, కుయి, కువిలతో కలిపి దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలో చేర్చడానికి కృష్ణమూర్తి చూపిన ఆధారాలలో ఇది ఒకటి. ఈ మార్పు అన్ని పదాలలో ఒకేసారి, ఒకే విధంగా జరగలేదు. జరిగినచోట ఒక చరిత్ర ఉంది. జరగనిచోట మరొక చరిత్ర ఉంది.

టోల్కీన్ తన క్వెన్యా, సిందారిన్ భాషలను ఒకే మూలభాష నుండి వేర్వేరు ధ్వనిపరిణామాల ద్వారా వచ్చిన సోదరభాషలుగా నిర్మించాడు. అందువల్లనే అవి పాతబడిన భాషలుగా నమ్మిస్తాయి. కిలికికి సోదరభాష లేదు, పూర్వరూపం లేదు, మాండలికం లేదు. కాలకేయులు ఎవరి పొరుగున జీవించారో, ఎవరి మాటలు అరువు తెచ్చుకొన్నారో ఆ భాష చెప్పదు. నిజానికి ద్రావిడ భాషలలో మధ్యమపురుష బహువచన సర్వనామానికి పునర్నిర్మించిన రూపం ‘నీమ్’. విభక్తులకు ముందు అది ‘నిమ్’ అవుతుంది. కన్నడ ‘నిమ్మ’లో నేటికీ వినిపిస్తుంది. కిలికి ‘నిమ్’ దీనితో సరిపోలడం కాకతాళీయమే అయినా, కాలకేయులు మనకు దూరపు బంధువులై ఉండవచ్చుననే సూచనకు అది వాడదగిన అవకాశం. చిత్రకథ ఆ దిశగా ఆలోచించలేదు. దానికి బంధువు అక్కరలేదు, పరాయివాడు కావాలి.

4. మాహిష్మతి తెలుగు: గుర్తింపు పొందని కల్పిత భాష

చిత్రంలో కల్పిత భాష ఒక్కటే అని సాధారణంగా భావిస్తారు. నిజానికి రెండు ఉన్నాయి. మాహిష్మతి రాజప్రాసాదంలో వినిపించే తెలుగు కూడా ఏ కాలంలోనూ ఏ ప్రాంతంలోనూ ఎవరూ మాట్లాడని తెలుగే. నామపదాలు, విశేషణాలు సంస్కృత సమాసాలు. క్రియారూపాలు మాత్రం ఆధునిక వ్యావహారికానివి. గ్రాంథికంలోని ‘చేసెదను’, ‘చేయుచున్నాను’ స్థానంలో ‘చేస్తాను’, ‘చేస్తున్నాను’ వినిపిస్తాయి. రెండవ భాగం ‘బాహుబలి: ది కన్‌క్లూజన్’లో (2017) కథానాయకుని ప్రమాణస్వీకారానికి వాడిన ‘అను నేను’ అనే పద్ధతి నేటి మంత్రుల ప్రమాణపత్రంలోనిది. అంటే ప్రాచీనతను సూచించడానికి కావ్యభాష, జానపద చిత్రాల సంభాషణాశైలి, ప్రభుత్వ వ్యవహారభాష మూడింటినీ కలిపి ఒక మిశ్రమాన్ని తయారుచేశారు.

ఇది దోషం కాదు. ‘పాతాళభైరవి’ (1951) నాటి నుండి జానపద చిత్రాలకు ఇటువంటి కాల్పనిక రాజభాష అలవాటే. ప్రేక్షకునికి అర్థం కావాలి, పాతదిగా తోచాలి అనే రెండు అవసరాలను అది తీరుస్తుంది. గమనించవలసింది మరొకటి. ఈ కల్పనను ఎవరూ కల్పనగా గుర్తించలేదు. ‘కిలికి’కి పేరు, నిర్మాత, పదసంఖ్య ఉన్నాయి. మాహిష్మతి భాషను మాత్రం ‘అసలు తెలుగు’, ‘అచ్చమైన తెలుగు’ అని మెచ్చుకొన్నారు. అధికారం చేతిలో ఉన్న కల్పిత భాష సహజభాషగా చెల్లుతుంది. అధికారం లేనివాని భాష కల్పనగానే మిగులుతుంది.

ఈ రెండింటి మధ్య మూడవ అంతస్తు ఉంది. జలపాతం దిగువన శివుడిని పెంచిన గిరిజన సమూహం వాడుక తెలుగు మాట్లాడుతుంది. వారికి ప్రత్యేక భాష లేదు. కథానాయకుని పెంపుడు తల్లి ప్రేక్షకుని మనసుకు దగ్గర కావాలి కనుక ఆమె మాట మన మాటే అయింది. ఇక్కడ ఏర్పడిన సూత్రం సరళమైనది: ఆత్మీయుడైన ఆదివాసి తెలుగు మాట్లాడతాడు, శత్రువైన ఆదివాసికి మాత్రమే సొంత భాష ఉంటుంది.

5. పూర్వరంగం: శత్రుభాషను గురించిన మన కథలు

ఈ సూత్రం 2015లో పుట్టింది కాదు. ‘కాలకేయులు’ అనే పేరే మహాభారతం నుండి వచ్చింది. అక్కడ వారు సముద్రంలో దాగి మునులను హింసించిన దానవులు. అసురుల పరాజయానికి వారి అపశబ్దోచ్చారణే కారణమని పతంజలి మహాభాష్యం ఒక కథ చెబుతుంది. ‘మ్లేచ్ఛ’ శబ్దానికి మూలార్థం అస్పష్టంగా పలకడమే. శత్రువును గుర్తించడానికి ఆయుధం కంటే ముందు ఉచ్చారణను చూసిన సంప్రదాయం ఇది.

దీనికి ప్రతిగా తెలుగు నేలతో సంబంధమున్న మరొక కథ ఉంది. సాతవాహన రాజు కొలువులో గుణాఢ్యుడు పందెంలో ఓడి సంస్కృత, ప్రాకృత, దేశభాషలను మూడింటినీ వదులుకొంటాడు. వింధ్యారణ్యానికి వెళ్లి పైశాచి నేర్చి, ఆ భాషలో బృహత్కథను రచిస్తాడు. రాజు ఆ భాషను, ఆ గ్రంథాన్ని ఈసడిస్తాడు. గుణాఢ్యుడు ఏడు లక్షల శ్లోకాలలో ఆరు లక్షలు అగ్నికి ఆహుతి చేస్తాడు; అడవిలోని మృగాలు మేత మాని వింటాయి. మిగిలిన లక్షకు కూడా మూలం నేడు లేదు. కథాసరిత్సాగరం వంటి సంస్కృత రూపాల ద్వారానే మనకు తెలుసు. ‘పిశాచభాష’ అని పేరుపడిన భాషలో లోకోత్తరమైన కథాసాహిత్యం ఉండవచ్చునని, దానిని వినలేకపోవడం కొలువు చేసిన నష్టమని ఈ కథ హెచ్చరిస్తుంది. మన వ్యాకర్తలు సైతం తత్సమాలకు మూలమైన భాషలలో పైశాచిని చేర్చుకొన్నారు.

భరతుని నాట్యశాస్త్రం పాత్రలకు భాషలను పంచింది. ఉత్తమ పురుషపాత్రలకు సంస్కృతం, స్త్రీలకు, ఇతరులకు ప్రాకృతాలు, అడవులలో తిరిగేవారికి హీనమైన విభాషలు విధించింది. అదే భాషావిధానంలో మరొక నియమం ఉంది. బర్బర, కిరాత, ఆంధ్ర, ద్రమిళాది జాతుల పాత్రలు రంగస్థలంపై తమ సొంత భాషలో మాట్లాడరాదని, వారికి శౌరసేని వంటి భాషను వాడాలని అది చెబుతుంది. ఆంధ్రులు ఒకనాడు కిరాతుల, బర్బరుల వరసలో నిలిచి సొంత భాషను రంగస్థలంపై వినలేని స్థితిలో ఉన్నారు. తెలుగు సినిమా తన పాత్రలకు భాషను పంచేటప్పుడు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవలసిన అవసరం ఉంది.

6. ‘మాయాబజార్’: ఇంటిలోని రాక్షసభాష

తెలుగు తెర ఈ సంప్రదాయాన్ని తలకిందులు చేసిన సందర్భం కూడా ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు ఘటోత్కచుని పరివారానికి ఒక మాటతీరును కల్పించారు. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’, ‘దుసట చతుసటయం’ అందరికీ తెలిసినవే. రాక్షసులకు నోరు తిరగక ఇలా పలికారని పైకి తోస్తుంది. వ్యాకరణదృష్టితో చూస్తే విషయం వేరు. ‘అస్మదీయ’ శబ్దంలోని సంయుక్తాక్షరం మధ్య అచ్చు చేరి ‘అసమదీయ’ అయింది. ‘రత్నం’ ‘రతనం’ కావడంలో, ‘యత్నం’ ‘జతనం’ కావడంలో జరిగింది ఇదే స్వరభక్తి. ‘దుష్ట’ శబ్దంలోని షకారం సకారం కావడం కూడా తద్భవాలలో నిత్యం చూసేదే. అంటే పింగళి రాక్షసులు తప్పు పలకలేదు. సంస్కృతాన్ని తెలుగు తనలోకి తెచ్చుకొన్న దారిలోనే పలికారు. ‘తసమదీయులు’ సామ్యం ద్వారా పుట్టిన కొత్త మాట. పదసృష్టికి సామ్యం ఎంత సహజమైన సాధనమో భాషాశాస్త్ర విద్యార్థులకు చెప్పనవసరం లేదు.

ఆ చిత్రంలోనే ఘటోత్కచుడు మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయనే భావాన్ని సమర్థించి, మాట పుట్టించినవానికి వీరతాడు వేయిస్తాడు. రాక్షసుని నోట పదసృష్టి సిద్ధాంతం పలికించడం తెలుగు చిత్రరచనలో అరుదైన సాహసం. ఫలితంగా ఆ మాటలు తెర దాటి వాడుకలోకి వచ్చాయి; ‘అసమదీయులు, తసమదీయులు’ నేటికీ పత్రికల రాజకీయ వ్యాఖ్యలలో కనిపిస్తాయి. కిలికి మాటలను ఉత్సాహంగా నేర్చుకొన్నవారు ఉన్నారు. వాటితో పాట కూడా వచ్చింది. కాని అవి తెలుగులో కలవలేదు. పింగళి రాక్షసుడు మన భాషాకుటుంబంలోనివాడు, కాలకేయుడు వెలుపలివాడు కావడమే ఈ తేడాకు మూలం.

7. సొంత భాష ఉన్నవారికి దక్కని భాష

2022 మార్చి 25న విడుదలైన రాజమౌళి చిత్రం ‘రౌద్రం రణం రుధిరం’లో కల్పిత జాతి లేదు. కొమరం భీమ్ (1901-1940) చారిత్రక వ్యక్తి. జోడేఘాట్‌లో నిజాం సైన్యంతో పోరాడి అమరుడైన గోండు వీరుడు. కథ కల్పితమే అయినా భీమ్, మల్లి పాత్రలను గోండులుగా చిత్రం ప్రకటించింది. వారికి కల్పించనవసరం లేని భాష ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా గలవారు సుమారు 29.8 లక్షలు. అయినా చిత్రంలో వారి భావాలన్నీ తెలుగులోనే వ్యక్తమవుతాయి. మల్లి పాడే పాట తెలుగు. భీమ్ గుండెకోత పాట తెలుగు. అదే చిత్రంలో ఆంగ్లేయులు ఆంగ్లం మాట్లాడతారు. భీమ్‌కు ఆంగ్లం రాకపోవడం హాస్యానికి, ప్రణయానికి కథావస్తువుగా ఉపయోగపడింది. భాషాభేదాన్ని వాడుకోవడం చిత్రానికి తెలుసు. ఆ భేదం పాలకునికి, పాలితునికి మధ్య మాత్రమే కనిపించింది; తెలుగుకు, గోండికి మధ్య కనిపించలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. జనరంజక చిత్రం ప్రేక్షకునికి అర్థం కావాలి; కథానాయకుడు మూడు గంటలు గోండి మాట్లాడితే చూసేవారు ఎవరు? ఈ అభ్యంతరం సమంజసమే. కాని కిలికి విషయంలో ఇదే నిర్మాణబృందం ఎవరికీ అర్థంకాని భాషను ప్రేక్షకుని ముందుంచి, మెప్పించింది. కనుక ఆటంకం అర్థం కాకపోవడం కాదు. గోండులు తమలో తాము ఉన్న ఒక దృశ్యంలో, తల్లి మల్లిని పిలిచే ఒక పిలుపులో, చివరకు లెక్కపెట్టే మాటలలోనైనా గోండి వినిపించి ఉండవచ్చు. గోండిలో రెండు ‘రండ్’, మూడు ‘మూండ్’, నాలుగు ‘నాలుంగ్’. తెలుగు ప్రేక్షకుడు వీటిని అనువాదం లేకుండానే గుర్తుపట్టగలడు. మన సోదరభాష మన చెవికి పరాయిది కాదని తెలియజెప్పే అవకాశం అది.

శత్రువుకు పరాయితనం కోసం భాషను నిర్మించాం. ఆత్మీయునికి ఆత్మీయత కోసం భాషను తొలగించాం. రెండు సందర్భాలలోనూ ఆదివాసి భాష అనేది ఆదివాసికి చెందిన సంపదగా కాక, ప్రేక్షకునికీ పాత్రకూ మధ్య దూరాన్ని కొలిచే సాధనంగా మాత్రమే మిగిలింది.

లిపి విషయంలోనూ ఈ పోలిక వర్తిస్తుంది. కిలికి లిపికి ప్రచారమాధ్యమాలలో విస్తృతమైన ఆదరణ లభించింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో లభించిన వ్రాతప్రతుల ఆధారంగా వెలుగుచూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో స్థానం పొందింది. గోండులు తరతరాలుగా దాచుకొన్న ఆ ప్రతుల గురించి తెలుగు పాఠకలోకంలో జరిగిన చర్చ అందులో ఎన్నవవంతు? సుమారు 30 లక్షల మంది మాట్లాడే గోండి రాజ్యాంగపు 8వ షెడ్యూలులో లేదు. అదే 2011 లెక్కల్లో 24,821 మంది మాతృభాషగా నమోదు చేసుకొన్న సంస్కృతం ఉంది. సంస్కృతానికి ఆ స్థానం తగదని దీని అర్థం కాదు. భాషకు గౌరవం సంఖ్యను బట్టి, ప్రాచీనతను బట్టి మాత్రమే రాదని, ఎవరి భాష అన్నదానిని బట్టి కూడా వస్తుందని దీని అర్థం.

8. గిడుగు చూపిన మార్గం

తెలుగువారికి ఈ విషయంలో సొంత ఆదర్శం ఉంది. గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తుకు వస్తుంది; ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉన్నప్పుడు ఆయన సవరభాష నేర్చి, సవర పిల్లల కోసం పాఠశాలలు నడిపి, 1931లో సవరభాషా వ్యాకరణాన్ని, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువును వెలువరించారు. సవర తెలుగుకు బంధుభాష కూడా కాదు. అది ముండా కుటుంబానికి చెందినది.

గిడుగు జీవితంలోని ఈ రెండు కృషులను వేర్వేరుగా చెప్పడం మనకు అలవాటు. అవి ఒకే సూత్రానికి రెండు వైపులు. మాట్లాడేవారి నోట ఉన్నదే భాష అన్న విశ్వాసం ఒకవైపు ఆయనను గ్రాంథికంతో పోరాడించింది, మరొకవైపు సవరల మధ్యకు నడిపించింది. మాహిష్మతి చిత్రకల్పన ఈ రెండింటికీ ఎదురు దిశలో నడిచింది. పాలకునికి ఎవరూ మాట్లాడని ఉన్నతభాషను, అడవిమనిషికి ఎవరూ మాట్లాడని భీకరభాషను ఇచ్చింది. నోటిలో ఉన్న భాష రెండు చోట్లా లేదు.

గిడుగు బాటలోనే కృష్ణమూర్తి కొండభాషను క్షేత్రంలో సేకరించి 1969లో దాని వర్ణనాత్మక వ్యాకరణాన్ని ప్రచురించారు. కొమరం భీమ్ మరణానంతరం గోండుల మధ్యకు వచ్చిన హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయ శిక్షణకు పునాది వేసి, తరువాత ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యులుగా కూడా పనిచేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమం గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర తదితర భాషలలో వాచకాలను తయారుచేసింది. తెరకు కావలసిన భాషాసామగ్రి దశాబ్దాలుగా సిద్ధంగా ఉంది. హైదరాబాదు చిత్రపరిశ్రమకు, ఉస్మానియా భాషాశాస్త్ర విభాగానికి మధ్య దూరం కొద్ది మైళ్లే. ఆ దారిలో రాకపోకలు జరగలేదు.

9. ఉపసంహారం

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. కిలికి తెలుగు తెరపై శత్రుభాషకు వ్యాకరణప్రతిపత్తి కల్పించిన ప్రయత్నంగా గుర్తింపుకు అర్హం. అయితే బహుళం, మాండలికం, బంధుభాష లేకపోవడం వల్ల అది ప్రాచీనభాషగా కాక సంకేతవ్యవస్థగా మిగిలింది.

2. ‘బాహుబలి’లో కల్పిత భాషలు రెండు. మాహిష్మతి తెలుగు కూడా కల్పనే అని గుర్తించినప్పుడే కిలికి స్థానం సరిగా అర్థమవుతుంది.

3. పాత్రల మధ్య భాషల పంపకం నాట్యశాస్త్రంలోని భాషావిధానాన్ని తలపిస్తుంది. ‘మాయాబజార్’ రాక్షసభాష దీనికి భిన్నంగా తెలుగు తద్భవమార్గంలోనే నడిచి, తెలుగులో కలిసింది.

4. కల్పిత జాతికి భాషను నిర్మించిన పరిశ్రమ, సజీవభాష గల గోండులకు ఆ భాషను ఇవ్వలేదు. ఈ రెండు నిర్ణయాలను కలిపి చదవాలి.

తెలుగు చిత్రాలలో ఆదివాసి పాత్రల సంభాషణలను 1930ల నుండి నేటి వరకు కాలక్రమంలో సేకరించి, వాటిలోని నిజమైన భాషాంశాలను, కల్పితాంశాలను వేరుచేసే సమగ్ర పరిశోధన అవసరం. గోండి, కొలామి, కోయ, సవర మాతృభాషలుగా గల పరిశోధకులు ఇటువంటి అధ్యయనాన్ని చేపడితే, బయటివారి చెవికి అందని అంశాలు వెలుగులోకి వస్తాయి. ఐక్యరాజ్యసమితి 2022-2032 కాలాన్ని ఆదివాసీ భాషల అంతర్జాతీయ దశాబ్దంగా ప్రకటించింది. అందులో కొంతకాలం ఇప్పటికే గడిచింది. జోడేఘాట్ కథ మరొకసారి తెరకెక్కే నాటికి సంభాషణల ప్రతిలో కొన్ని పుటలైనా గోండిలో ఉండాలని కోరడం అత్యాశ కాదు. దానికోసం ఒక్క మాటనూ కొత్తగా పుట్టించనవసరం లేదు. ఆ ఊళ్లకు వెళ్లి వినిపించుకొంటే చాలు.